పహాణీ కంప్యూటరెక్కింది... తప్పు దిద్దేదెవరు?

భూమి లెక్క కంప్యూటరులోకి ఎక్కితే మన కష్టాలు గట్టెక్కుతాయని ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు. కొంత గట్టెక్కిన మాట నిజమే. ఒకప్పుడు పహాణీ నకలు కావాలంటే పట్వారీ ఇంటి అరుగు దగ్గర పడిగాపులు పడాల్సి వచ్చేది. ఇప్పుడు మీసేవకు పోతే కాసేపట్లో కాగితం చేతికొస్తోంది. మరి ఆ కాగితంలో మీ రెండెకరాలు కాస్తా ఎకరం ముప్పై గుంటలని పడితే? మీ పట్టా భూమి సర్కారు భూమి అని పడితే? ఆ తప్పు దిద్దించుకోవడానికి ఎన్నాళ్లు పడుతుంది, ఎన్ని మెట్లు ఎక్కాలి? కంప్యూటరు పథకం మంచిదో కాదో తేల్చాల్సింది ఈ లెక్కతోనే. నకలు ఎంత త్వరగా వస్తుందన్నది రెండో మాట.

పరిశోధకులు ఏమన్నారు?

ప్రభుత్వాల కంప్యూటరు పథకాల మీద చాలా పరిశోధన జరిగింది. ఇంగ్లండులోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన రిచర్డ్ హీక్స్ 2003లో వర్ధమాన దేశాల పథకాలపై ఒక అంచనా వేశారు. నూటికి 35 పూర్తిగా విఫలమయ్యాయని, 50 సగం సగంగా నడిచాయని, అనుకున్నది సాధించినవి 15 మాత్రమేనని ఆయన లెక్క. కారణం యంత్రం చెడిపోవడం కాదంటారాయన. ఆఫీసులో కూర్చుని గీసిన నమూనా ఒకటి, ఊళ్లో ఉన్న పరిస్థితి మరొకటి. ఆ రెంటికీ మధ్య ఎంత దూరముంటే పథకం అంత దెబ్బతింటుంది. ఇది మనకు తెలియని సంగతా? నల్లరేగడికి సిఫారసు చేసిన రకాన్ని చెలకలో వేస్తే విత్తనాన్ని తప్పుపట్టి ఏం లాభం?

పక్కనున్న కర్ణాటక అనుభవం చూడండి. అక్కడ ‘భూమి’ పథకం కింద సుమారు 67 లక్షల మంది రైతులకు చెందిన 2 కోట్ల రికార్డులను కంప్యూటరులోకి ఎక్కించారు. తాలూకా కేంద్రంలో 15 రూపాయలు కడితే నకలు ఇచ్చేవారు. 2002లో బెంగళూరులోని పబ్లిక్ అఫైర్స్ సెంటర్ రైతులను అడిగి చూసింది. పాత పద్ధతిలో లంచం ఇచ్చామన్నవారు నూటికి 66 మంది. కొత్త కేంద్రాల్లో ఇచ్చామన్నవారు 3 మంది. గొప్ప మార్పే!

అయితే 2007లో సాలమన్ బెంజమిన్, ఆయన సహచరులు బెంగళూరు పరిసరాల్లో తిరిగి మరో సంగతి బయటపెట్టారు. నకలు తీసుకోవడం సులువైంది గానీ, పేరు మార్పిడి దగ్గరికొచ్చేసరికి అవినీతి తగ్గకపోగా పెరిగిందన్నారు. లెక్కలన్నీ ఒకచోట చేరడంతో పెద్ద కొనుగోలుదారులకు భూములు వెతుక్కోవడం తేలికైందనీ అన్నారు. ఈ రెండు నివేదికలూ ఒకదాన్నొకటి కొట్టేయవు. ఒకటి నకలును చూసింది, రెండోది మార్పును చూసింది. చిన్న రైతుకు చిక్కు వచ్చేది ఈ రెండో దగ్గరే.

మన దగ్గర జరిగిందేమిటి?

తెలంగాణలో 2017 సెప్టెంబరు 15 నుంచి ఏడాది చివరిదాకా భూరికార్డుల ప్రక్షాళన జరిగింది. వివాదం లేని భూములను ‘ఎ’ భాగంలో, వివాదం ఉన్నవాటిని ‘బి’ భాగంలో వేశారు. 2018 మేలో కొత్త పాసుపుస్తకాలతో పాటు ఎకరానికి సీజనుకు 4,000 రూపాయల చొప్పున రైతుబంధు మొదలైంది. ‘బి’ భాగంలో పడ్డవాళ్లకు పుస్తకమూ రాలేదు, సొమ్మూ రాలేదు. మూడున్నర నెలల్లో రాష్ట్రమంతా తిరగేయాలని గడువు పెట్టుకున్నప్పుడు కష్టమైన కేసులను పక్కన పెట్టడమే సులువు. పక్కన పెట్టినవి ఎవరు, ఎప్పుడు తేలుస్తారన్న ప్రశ్నకు మాత్రం జవాబు దొరకలేదు.

2020 సెప్టెంబరులో వీఆర్వో వ్యవస్థను రద్దు చేశారు. అక్టోబరు 29న ధరణి వచ్చింది. రిజిస్ట్రేషను, పేరు మార్పిడి ఒకే రోజు అయిపోవడం మేలే. కానీ తప్పులు దిద్దే అధికారం చాలావరకు జిల్లా కలెక్టరు చేతిలోనే ఉండిపోయింది. ఊళ్లో గట్టు ఎవరిదో తెలిసిన మనిషి లేడు. మండలంలో తహసీల్దారును అడిగితే ‘నా లాగిన్‌లో ఆ ఆప్షను లేదు’ అనేవాడు. గుంట తేడాకు జిల్లా కేంద్రం దాకా పోవాల్సిన గతి పట్టింది. పుండు ఒకచోట, మందు ఒకచోట అంటే ఇదే కదా!

2024లో తహసీల్దార్లకు, ఆర్డీవోలకు కొంత అధికారం పంచారు. 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. కొత్త చట్టంలో అప్పీలుకు దారి పెట్టారు. ఆ ఏడాది జూన్‌లో రెవెన్యూ సదస్సులు పెట్టి ఊళ్లోనే దరఖాస్తులు తీసుకున్నారు. తర్వాత గ్రామ పాలన అధికారులనూ నియమించారు. తీసేసిన మనిషినే మరో పేరుతో మళ్లీ తెచ్చుకున్నామన్నమాట. ఊరు తెలిసిన మనిషి లేనిదే భూమి లెక్క నడవదని తెలుసుకోవడానికి అయిదేళ్లు పట్టింది.

లెక్క ఎక్కడ తప్పింది?

పథకం నడిపేవారు ఎక్కించిన ఖాతాలను లెక్కపెడతారు. ఇన్ని లక్షలు పూర్తయ్యాయని చెబితే పని అయిపోయినట్టే. దిద్దిన తప్పులను లెక్కపెట్టేవారేరీ? నాట్లు పడగానే పంట ఇంటికొచ్చిందని ఏ రైతయినా అనుకుంటాడా? కలుపు తీయాలి, పురుగును చూడాలి, నీరు కట్టాలి. రికార్డుకూ అంతే. రైతు చనిపోతే వారసుల పేర్లు ఎక్కాలి, అమ్మితే మారాలి, అన్నదమ్ములు పంచుకుంటే చీలాలి. ఎక్కించడం నాటు లాంటిది. దిద్దడమే సేద్యం.

ఇంకో మాట. పాత పహాణీలో అనుభవదారు గడి ఉండేది. ధరణిలో దాన్ని తీసేశారు. గడి లేకపోతే ఆ మనిషి లెక్కలోనే లేడు. కౌలు రైతులకు రైతుబంధు అందలేదు. 2011లో కౌలుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చినా ఆ కార్డులు చేతికందినవారు తక్కువే. కంప్యూటరులో ఏ గడి ఉండాలన్నది సాంకేతిక విషయమని మనం వదిలేస్తాం. సాయం ఎవరికి అందాలో, ఎవరికి అందకూడదో ఆ గడే తేలుస్తుందని మరవకండి.

మీరు చేయాల్సినవి

అవసరం పడ్డాక చూసుకుందాంలే అనుకోవద్దు. ఏటా ఒకసారి, వానాకాలం పనులు మొదలుకాక ముందే, మీ ఖాతా నకలు తీయించండి. పేరు, తండ్రి పేరు ఆధార్‌తో సరిపోయాయా, సర్వే నంబరులో బై నంబరు సరిగా ఉందా, ఎకరాలు గుంటలు తగ్గాయా, భూమి స్వభావం పట్టా అనే ఉందా, 22-ఎ నిషేధిత జాబితాలోకి ఎక్కిందా, ఈ అయిదూ చూడండి. చదవడం రాకపోతే బడికెళ్లే పిల్లల చేత చదివించుకోండి.

పాత పాసుపుస్తకం, పాత పహాణీలు, శిస్తు రసీదులు, కొన్న కాగితాలు పారేయవద్దు. కంప్యూటరులో తప్పు పడిందని చూపించడానికి సాక్ష్యం అవే.

దరఖాస్తు నోటి మాటగా ఇవ్వకండి. నంబరున్న రసీదు తీసుకోండి. తిరస్కరిస్తే కారణం రాసివ్వమనండి. కారణం చేతిలో ఉంటేనే అప్పీలు నిలుస్తుంది. అప్పీలుకు గడువుంటుంది, దాటనివ్వకండి. జవాబు రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో చెప్పాలి. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి ఫీజు లేదు.

మనం అడగాల్సినవి

మూడు అడుగుదాం. ఒకటి, చిన్న తప్పులు మండలంలోనే, గడువు పెట్టి దిద్దాలి. రెండు, ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఎన్ని తేలాయి, ఎన్ని ఎందుకు తిరస్కరించారన్నది నెలనెలా గ్రామ పంచాయతీ గోడ మీద అంటించాలి. మూడు, దున్నేవాడి పేరుకు లెక్కలో చోటుండాలి.

పోర్టల్ పేరు మారినప్పుడల్లా అంతా కొత్తగా బాగుపడుతుందని చెబుతారు. పేరు చూసి మురిసిపోవద్దు, పేరు చూసి భయపడనూ వద్దు. మీ ఊళ్లో పోయినేడు పెట్టిన దరఖాస్తుల్లో ఎన్ని తేలాయో ఈసారి గ్రామసభలో లేచి అడగండి. ఆ జవాబే ఆ పోర్టల్‌కు వేసే మార్కు.