ఉచ్చుకి నక్కా ఒకటే, బావురుపిల్లీ ఒకటే

పై వీడియో నాగాయలంక వైపు పొలం గట్ల మీద తీసింది. అక్కడ నక్కలూ ఉన్నాయి, బావురుపిల్లులూ ఉన్నాయి.

ఒకే గట్టు మీద తిరిగినా ఇవి పెద్దగా గొడవ పడవు. బావురుపిల్లి నీళ్లలో దిగి చేపలు పడుతుంది. నక్క ఎలుకలు, పీతలు, చచ్చిన జంతువులు, పండ్లు ఏది దొరికితే అది తింటుంది. ఎదురుపడితే ఏదో ఒకటి పక్కకి తప్పుకుంటుంది.

ఈ లెక్క తప్పేది ఉచ్చు దగ్గరే. పందికి పెట్టిన తీగలో పిల్లి పడితే తప్పుకునే దారి లేదు. వాసనకి నక్క వస్తుంది. పొద్దున సగం తిన్న పిల్లిని చూసి "నక్క చంపింది" అంటాం. చంపింది తీగ! మర్నాటి రాత్రి నక్కే పడొచ్చు.

రెండూ ఎలుకల్ని తినేవే. వరి పొట్ట మీదున్నప్పుడు ఎలుక చేసే నష్టం మీకు చెప్పక్కర్లేదు. జీవామృతం పోస్తూ గట్టు మీద ఉచ్చు పెడితే అది ప్రకృతి వ్యవసాయం ఎలా అవుతుంది? 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా.

పందుల బాధ నిజమే, కాదనను. దానికి కంచె వేద్దాం, వంతులవారీగా కాపలా కాద్దాం. కోళ్లకి రాత్రిపూట గూడు తలుపు బిగిద్దాం. ఉచ్చు కనిపిస్తే మాత్రం ఫారెస్టు వాళ్లకి చెప్పండి.