రథికులును రథకారులును

2025వ సంవత్సరము జూలై 24వ తేదీన మన ప్రభుత్వమువారు బ్రిటనుతో వర్తకపు ఒడంబడికపై సంతకము చేసిరి. అందు అనేక విషయములు గలవు. గాని బెజవాడ హోటళ్లలోను, మైలవరపు మామిడితోటల గట్లమీదను మా చెవిని బడిన చర్చ యంతయు ఒక్కదానిని గూర్చియే. బ్రిటనులో తయారగు మోటారుకార్లపై నూటికి నూరునకు మించియున్న సుంకము, ఒక పరిమితసంఖ్య వరకు, క్రమముగా నూటికి పదికి దిగునట. ఇక రోల్సు రాయిసు కారు మన జిల్లా రోడ్లమీద కూడ తిరుగునని కొందరు మిత్రులు మహానందముతో మాతో చెప్పిరి. వారి యానందమునకు అడ్డుపడు కోరిక మాకు లేదు. ధనము వారిది, ముచ్చట వారిది. అయితే ఆ కారు చరిత్రను ఒకమారు తిరుగవేసి చూచినచో, మనవారు దానియందు చూచి మురియుచున్న దొకటియు, చూడక విడుచుచున్నది మరియొకటియు గలవని మాకు తోచినది. ఆ రెండవదానిని గూర్చియే మా మనవి.

తెలుగుదేశమున పేరుపొందిన రోల్సు రాయిసు హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమున నున్నది. పసుపుపచ్చని మేని రంగు. ఆరవ నిజాము మహబూబు ఆలీఖానుగారు దానిని తెప్పింప దలచిరి. బార్కరు కంపెనీవారు దాని మేనిని నిర్మించిరి. కారు రాకముందే, 1911 ఆగస్టులో, నిజాముగారు మరణించిరి. అది వారి కుమారుడు ఉస్మాను ఆలీఖానుగారి పరమయ్యెను. వెనుకభాగమున గద్దెవలె ఎత్తయిన ఆసనము. కూర్చున్నవారికి దారి కనబడుటకన్న, దారినున్నవారికి కూర్చున్నవారు కనబడుట ముఖ్యమని దానిని చూచినంతనే తెలియును. మైలవరమునుండి బెజవాడకు వచ్చు త్రోవలో కొండపల్లి గలదు. అచ్చటి బొమ్మలవారు తెల్లపొణికి కొయ్యతో అంబారీ యేనుగును చేయుదురు. ఈ కారు ఆ బొమ్మకు ఇనుముతో చేసిన అన్నగారు. శతాబ్దమునకు పైబడిన జీవితములో అది తిరిగినది కొన్ని వందల మైళ్లే. మామిడికాయలు వేసికొని మైలవరమునుండి హైదరాబాదునకు రెండుమార్లు పోయివచ్చిన లారీ అంతకంతయు తిరుగును.

అదే సంస్థానమున 1932 జూనులో రైల్వేశాఖవారు 27 బస్సులతోను, 166 మంది సిబ్బందితోను రోడ్డు రవాణా మొదలుపెట్టిరి. నేటి మన ఆర్.టి.సి.లకు అదియే మూలము. ఆ బస్సులును బ్రిటనునుండి వచ్చిన ఆల్బియను బండ్లే గదా యని ఎవరైన అనవచ్చును. నిజమే. కాని నిత్యము తిరుగు బండికి నిత్యము మరమ్మతు కావలయును. మరమ్మతునకు పనివాడు కావలయును. పనివానికి కొలిమియు, లేతు మిషనును కావలయును. 1942లో హైదరాబాదున ఆల్విను కార్ఖానా వెలసి, బస్సుల మేనులను ఇచ్చటనే కట్టసాగెను. గద్దె కారు అట్లుగాక, తుడిచి కప్పి యుంచబడెను. ఒకటి పని నేర్పినది, మరియొకటి సలాము నేర్పినది.

ఇచ్చట ఒక కథను ప్రస్తావింపక తప్పదు. ఏలయన ఈ విషయము ఎత్తినంతనే మన సభలలో ఎవరో ఒకరు దానిని చెప్పి కరతాళధ్వనులు పొందుదురు. ఒక మహారాజు లండనులో సామాన్య వేషమున రోల్సు రాయిసు దుకాణమునకు పోగా అచ్చటి గుమాస్తా అవమానించెనట. మహారాజు కోపించి కొన్ని కార్లను కొని, స్వదేశమునకు తెచ్చి, వానిచేత వీధులలోని చెత్త నెత్తించెనట. కంపెనీవారు కాళ్లబేరమునకు వచ్చిరట. ఈ కథానాయకుడు ఆళ్వారు మహారాజని కొందరును, హైదరాబాదు నిజామని కొందరును, పటియాలా వారని మరికొందరును చెప్పుదురు. ఒకే అవమానము ఇందరకు ఒకే దుకాణమున జరుగుట చిత్రమే! కథ సత్యమో కల్పనయో అటుంచుడు. సత్యమే యనుకొన్నను ఇందులో గెలిచిన దెవరు? తన పరాభవమునకు పగ దీర్చుకొనుటకై మహారాజు ఆ కంపెనీ సరుకునే మరికొంత కొనవలసివచ్చెను. సొమ్ము లండను చేరెను, చెత్త మనవద్ద నిలిచెను. ఒక కార్ఖానా పెట్టి తీర్చుకొనవలసిన పగను బేరము చేసి తీర్చుకొంటిమని మనము ఇప్పటికిని చప్పట్లు కొట్టుచున్నాము.

ఇక ఆ కారును చేసినవాని సంగతి. హెన్రీ రాయిసు 1863లో ఇంగ్లండు పల్లెటూర ఒక పిండిమర నడుపువానికి జన్మించెను. తొమ్మిదవ యేట తండ్రి పోయెను. బడిచదువు పేరునకు మాత్రమే. వీధులలో వార్తాపత్రికలు అమ్మెను, తంతివార్తలు మోసెను. మేనత్త రుసుము కట్టుటచే పీటర్‌బరో రైలు కార్ఖానాలో పని నేర్చుకొనుటకు చేరెను. గడువు తీరకముందే ఆమె చేతి సొమ్ము నిండుకొనెను. పనిముట్లు పట్టిన చేతులే పెట్టుబడిగా 1884లో మాంచెస్టరున చిన్న షెడ్డు తెరచి విద్యుత్తు గంటలు, డైనమోలు చేసి అమ్మెను. నలుబదియేండ్ల వయసున తాను కొన్న పాత ఫ్రెంచి కారు పనితనము నచ్చక, దాని లోపము లొక్కొక్కటే విప్పి చూచి, 1904లో తానే ఒక కారును నిర్మించెను. కొత్తసిద్ధాంతము నేదియో కనిపెట్టెనని కాదు. మరలోని ప్రతి భాగమును ఆకురాయి పట్టి తృప్తియగువరకు సరిచేయుటయే అతని విద్య.

చార్లెసు రోల్సు ప్రభువుల బిడ్డ, కేంబ్రిడ్జిలో చదివినవాడు, లండనులో పరదేశపు కార్లు తెప్పించి ధనికులకు అమ్మెడివాడు. 1904 మే 4వ తేదీన మాంచెస్టరులోని మిడ్‌లాండు హోటలులో ఈ ఇరువురును కలిసికొనిరి. రాయిసు చేసిన కార్లన్నిటిని రోల్సు అమ్మునట్లు ఒప్పందము కుదిరెను. 1906లో కంపెనీ యేర్పడెను. 1907లో వారి 'సిల్వరు ఘోస్టు' ఇంచుమించు పదునైదువేల మైళ్లు పరీక్షకుల కన్నులయెదుట పరుగెత్తి నిలిచెను. ప్రసిద్ధి అచ్చటినుండి ఆరంభము. 1910 జూలైలో రోల్సు విమానప్రమాదమున ముప్పదిరెండేండ్లకే మరణించెను. రాయిసు 1933వరకు జీవించి, సర్కారువారిచ్చిన బిరుదు పొందియు, తన్ను మెకానిక్కు అనియే చెప్పుకొనెడివాడని ప్రసిద్ధి. రాయిసు పోయిన సంవత్సరమే ఆ కంపెనీ షెడ్లలో తొలిసారి తిరిగిన మెర్లిను ఇంజనును, 1940లో ఇంగ్లండు ఆకాశమున శత్రువుల నెదిరించిన స్పిట్‌ఫైరు విమానములకు అమర్చిరి. ప్రభువుల షికారునకై అలవడిన పనితనము ఆపద్దినమున జాతి ప్రాణములు కాచెను. చౌమహల్లాలో కప్పియుంచిన కారు ఎవరి ప్రాణమును కాచినది?

ఆ కంపెనీకిని చెడుకాలము రాకపోలేదు. విమానపు ఇంజనునకై చేసిన వ్యయమున మునిగి 1971లో అది దివాలా తీయగా బ్రిటను ప్రభుత్వమే చేయూత నిచ్చెను. 1998లో కార్లవిభాగము అమ్మకమునకు వచ్చినప్పుడు ఒక వింత జరిగెను. క్రూ పట్టణపు కార్ఖానాను, బెంట్లీ పేరును, పనివారితో సహా ఫోక్సువాగన్ కంపెనీ 43 కోట్ల పౌనులకు కొనెను. 'రోల్సు రాయిసు' అను పేరును మాత్రము బి.ఎం.డబ్ల్యు. కంపెనీ 4 కోట్ల పౌనులకు సంపాదించి, 2003నుండి గుడ్‌వుడ్డులో కొత్త కార్ఖానా పెట్టి కార్లు చేయుచున్నది. మనవారు సాగిలపడు ఆ పేరు, ఆ బేరములో కార్ఖానాకు ఇంచుమించు పదవ వంతు వెల పలికినది. బేరమాడిన జర్మనులకు ఏది విలువైనదో తెలియును.

మనదేశమున రాయిసు మార్గము త్రొక్కదలచినవారు లేకపోలేదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు 1930ల నడుమ యూరపు అమెరికాలు తిరిగి మోటారు పరిశ్రమకు పథకము సిద్ధపరచిరి. నాటి ఢిల్లీ ప్రభుత్వము తోడ్పడలేదు. పిదప 1942లో బిర్లాగారి హిందూస్థాన్ మోటార్సును, 1944లో వాల్‌చంద్ హీరాచందుగారి ప్రీమియరును వెలసినవి. 2019లో మన పెనుకొండవద్ద కొరియావారి కియా కార్ఖానానుండి కార్లు బయటికి వచ్చినవి. ఇది మంచిదే. పని దొరకినది. అయితే పని దొరకుట వేరు, పనిని మనదిగా చేసికొనుట వేరు.

మైలవరమునుండి గంటకు పైబడిన ప్రయాణములో బెజవాడ ఆటోనగరు గలదు. అచ్చట దశాబ్దములుగా లారీల మేనులు కట్టుచున్నారు. చాసీ మాత్రము కంపెనీనుండి వచ్చును. మిగిలినదంతయు ఇనుము కోయువాడు, వెల్డింగు చేయువాడు, వడ్రంగి, రంగులవాడు కలిసి నిలబెట్టుదురు. విరిగిన పళ్లచక్రమును నమూనాగా పెట్టుకొని లేతుపై కొత్తదానిని తీయుదురు. ఇతర రాష్ట్రములనుండి సైతము బండ్లు అచ్చటికి వచ్చును. ఇందరిలో కాగితముపై గీత గీసి చూపగలవారు కొందరే; చేతితో చూపగలవారు పెక్కుమంది. ఆ షెడ్లలో తిరుగునప్పుడెల్ల పీటర్‌బరోలో రుసుము కట్టలేక ఆగిపోయిన పిల్లవాడు మాకు జ్ఞప్తికి వచ్చును.

గత వైశాఖమున మైలవరమునకు చేరువనున్న గ్రామమున ఒక వివాహమునకు పోయితిమి. వరుని ఊరేగింపునకు అద్దెకు తెచ్చిన పాతికేండ్లనాటి విదేశపు కారు, పూలదండలతో కదలి, రామాలయపు మలుపువద్ద ఆగిపోయెను. పెండ్లివారిలో ఇంజనీరింగు పట్టభద్రులు పదిమందికి తక్కువ లేరు. అందరును కారు చుట్టు మూగి దాని వెలను గూర్చి మాటలాడిరి. మూత ఎత్తినవా డొక్కడును లేడు. కడకు ఆటోనగరునుండి మోటారుసైకిలుపై వచ్చిన ఇరువదియేండ్ల పిల్లవాడు పెట్రోలు గొట్టములో చేరిన మడ్డిని తీసి అరగంటలో నడిపించెను. భోజనముల వేళ పెద్దమనుష్యు డొకడు, "ఒరేయ్, ఆ మెకానిక్కుకి వెనకాల పంచలో విస్తరెయ్యండ్రా" అని కేకవేసెను. పిల్లవాడు, "వద్దండీ, షెడ్డులో పనుందండీ" అని చేతులు తుడుచుకొని వెళ్లిపోయెను. మేమును ముందు పంక్తిలో కూర్చుండి నోరు మెదపకుంటిమి. కలము పట్టినవారమే కాని పానా పట్టినవారము కామని మాకును లోలోపల గర్వమున్నది కాబోలు.

ఈ తృణీకారము సనాతనమని ఎవరును అనకుందురుగాక. రథకారుడు వర్షర్తువున అగ్న్యాధానము చేయదగునని శ్రుతి చెప్పుటచే మీమాంసకులు దానికొక ప్రత్యేకాధికరణమునే కేటాయించిరి. రథము చేసినవాడు వేదికకు దగ్గరవాడు. అతనిని పంచలోనికి నెట్టినది తరువాతి మన సోమరితనము. నిన్నమొన్నటివరకు బండిచక్రమునకు పట్టా వేసిన కమ్మరికి కళ్లమువద్ద మేర కొలిచి, అదియే దాతృత్వమని మురిసినవారము.

ఇప్పుడు కాలము మించుచున్నది. విద్యుత్తుతో నడచు బండ్లు వచ్చినవి. వానిలో పెట్రోలు గొట్టముండదు, పిస్టనుండదు. ఇన్నేండ్లుగా చెవితో విని ఇంజను రోగము చెప్పగల మేస్త్రీకి ఆ బండ్లు మూగవి. వానిని అతనికి నేర్పువారు లేరు. 1961 నాటి అప్రెంటిసుల చట్టమున్నది. అది పెద్ద సంస్థలను నిర్బంధించునుగాని నలుగురు పనివారున్న షెడ్డువరకు దిగిరాదు. మైలవరముననే 1998నుండి ఇంజనీరింగు కళాశాల గలదు. అచ్చటి విద్యార్థికి విద్యుత్తు బండి సూత్రము తెలియును, నట్టు విప్పుట తెలియదు. ఆటోనగరు పిల్లవానికి నట్టు విప్పుట తెలియును, సూత్రము తెలియదు. నడుమనున్నది ఒక్క రోడ్డు.

మైలవరము జమీందారులు ఒకప్పుడు నాటకసమాజమును పెట్టి నటులకు జీతములిచ్చి పోషించిరి. 1948 నాటి చట్టముతో జమీందారీలు పోయినవి. ఇచ్చెడి చేయి పోవలసిన పనిలేదు. కోట్ల రూపాయలు పెట్టి రోల్సు రాయిసు కొనదలచిన మా మిత్రులు, ఆ కొనుగోలు మానకయే, దాని టైర్లకగు సొమ్మును వేరుగా తీసి యుంచినచో, ఏటేట పదిమంది విద్యార్థులను ఆటోనగరు షెడ్లలో మూడుమాసములు ఉంచవచ్చును. నేర్పిన మేస్త్రీకి గురుదక్షిణగా జీతము చెల్లింపవచ్చును. అదే సొమ్ముతో షెడ్లలోని పదిమంది పిల్లలకు సాయంకాలములందు తెలుగున విద్యుత్తు బండి పాఠములు చెప్పింపవచ్చును. మామిడికాపు ముగిసి లారీలు మరమ్మతులకు చేరు జూలైమాసము ఇందుకు అనుకూలమని ఒక షెడ్డు మేస్త్రీ మాతో చెప్పెను. పిల్లలను పంపుటకు కళాశాలవారును, తండ్రులును ఒప్పుకొందురో లేదో అడిగి చూడవలసియున్నది. మేస్త్రీలు ఒప్పుకొనిరి.