మూడో కోణం ఎందుకు కొలవాలి?

భద్రాచలం దగ్గర గోదావరి. ఇవతల సారపాక ఒడ్డు, అవతల భద్రాచలం ఒడ్డు. రెండూ సమాంతర రేఖలనుకుందాం. సారపాక నుంచి ఓ పడవ బయల్దేరింది. దిగువ వైపు ఒడ్డుతో 40 డిగ్రీల కోణం చేస్తూ వెళ్లి, నది మధ్యలో ఇసుక తిన్నె దగ్గర మలుపు తిరిగింది. అక్కణ్నుంచి ఏటికి ఎదురెళ్లి భద్రాచలం చేరింది. అక్కడ కూడా దిగువ వైపు ఒడ్డుకీ, పడవ దారికీ మధ్య కోణం 35 డిగ్రీలు. మరి తిన్నె దగ్గర, వచ్చిన దారికీ వెళ్లిన దారికీ మధ్య కోణమెంత?

ఈ లెక్క చూడగానే చాలామంది పిల్లలు పెన్ను కింద పెట్టేస్తారు. కిటుకు ఒక్కటే... బొమ్మలో లేని గీత గీయడం! తిన్నె మీదుగా ఒడ్డులకు సమాంతరంగా ఇంకో గీత గీయండి. తెలియని కోణం రెండు ముక్కలవుతుంది. ఒక ముక్క సారపాక ఒడ్డున ఉన్న కోణానికి ఏకాంతర కోణం. అంటే 40. రెండోది భద్రాచలం ఒడ్డున ఉన్నదానికి ఏకాంతరం. అంటే 35. మొత్తం 75 డిగ్రీలు.

త్రిభుజం కథా ఇదే. మూడు కోణాలు కలిపితే 180 డిగ్రీలని హైస్కూలు పిల్లలు టక్కున చెబుతారు. ఎందుకంటే మాత్రం తల గోక్కుంటారు. పై శీర్షం మీదుగా అడుగు భుజానికి సమాంతరంగా ఓ గీత గీస్తే చాలు. అడుగున ఉన్న రెండు కోణాలూ ఏకాంతర కోణాలుగా పైకొచ్చి, పై కోణానికి చెరో పక్కన కూర్చుంటాయి. మూడూ కలిసి సరళ కోణం. అందుకే 180! రెండు తెలిస్తే మూడోది కొలవక్కర్లేదు, తీసివేత చాలు.

ఈ త్రిభుజాలతోనే దేశాన్నంతా కొలిచారు. 1802లో మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర విలియం లాంబ్టన్ సుమారు 12 కిలోమీటర్ల ఆధార రేఖను నేల మీద గొలుసుతో కొలిచాడు. అక్కణ్నుంచి కొండకీ కొండకీ మధ్య కోణాలు కొలుస్తూ, దూరాలు లెక్కగడుతూ త్రిభుజాలు అల్లుకుంటూ పోయారు. 1819లో హైదరాబాద్ నుంచి ఆయన తన సహాయకుణ్ని కృష్ణా గోదావరుల నడుమ ఉన్న అడవుల్లోకి పంపాడు. ఆ యువకుడి పేరు జార్జ్ ఎవరెస్ట్! నేటి ఖమ్మం జిల్లా, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఎక్కువ భాగం ఆ రెండు నదుల మధ్య నేలలోనివే.

వానాకాలపు అడవి. కొండెక్కినా చెట్లు అడ్డం. పైగా అడవి జ్వరం. బృందంలో చాలామంది మంచాన పడ్డారు. కొందరు తిరిగి రానేలేదు. ఎవరెస్ట్ కూడా జ్వరంతో కుదేలై, 1820లో ఆరోగ్యం కోసం ఆఫ్రికా దక్షిణ కొసన ఉన్న కేప్‌కు వెళ్లాల్సి వచ్చింది.

ఇంత కష్టంలో, రెండు కొండలెక్కి మూడో కోణాన్ని కాగితం మీదే తేల్చేసుకోవచ్చుగా? సర్వే వాళ్లు అలా చేసేవారు కాదు. ప్రధాన త్రిభుజాల్లో వీలైనంతవరకూ మూడో కొండా ఎక్కి, మూడో కోణమూ కొలిచేవారు. ఎందుకంటే 58, 67 అని కొలిచి ఊరుకుంటే మూడోది 55 అని రాసేసుకుంటాం. మొదటి రెండింట్లో తప్పున్నా బయటపడదు. మూడోది కొలిస్తే 56 వచ్చిందనుకోండి, మొత్తం 181. ఎక్కడో ఒక డిగ్రీ తేడా ఉందని తెలిసిపోతుంది. ఆ తేడా పట్టుకోకపోతే తర్వాతి త్రిభుజాలన్నీ దారి తప్పుతాయి.

ఇంకో చిక్కూ ఉంది. భూమి గుండ్రం. దాని మీద గీసిన పెద్ద త్రిభుజంలో మొత్తం 180 కంటే పిసరంత ఎక్కువే వస్తుంది. భుజం 30 కిలోమీటర్లుండే సమబాహు త్రిభుజంలో ఆ ఎక్కువ దాదాపు 2 సెకన్లు. సెకనంటే డిగ్రీలో 3600వ వంతు! అది తీసేశాక మిగిలిందే కొలతలో తప్పు. దాన్ని మూడు కోణాలకూ సర్దేవారు.

ఈ ఆదివారం మీ పిల్లల చేత ఓ త్రిభుజం గీయించండి. రెండు కోణాలు కొలిచి, మూడోది లెక్కగట్టమనండి. తర్వాత కోణమానినితో దాన్నీ కొలవమనండి. తేడా వస్తే కోప్పడకండి. తప్పు ఎక్కడ జరిగిందో వాళ్లనే వెతకనివ్వండి.