కెప్టెను బయటికి వచ్చిన నిమిషం

డెన్మార్క్ డిఫెండరు సిమోన్ కియర్ 2025 జనవరిలో ఆట నుంచి విరమిస్తున్నట్టు ప్రకటించాడు. ఆ వార్తను నేను ఎక్కడ చదివినా పక్కన దాదాపు ఒకటే ఛాయాచిత్రం. ఎర్ర చొక్కాల ఆటగాళ్లు వలయంగా నిలబడి ఉంటారు. కొందరి ముఖాల మీద కన్నీళ్లు. ఆ వలయం లోపల, మనకు కనబడని చోట, ఒక మనిషి ప్రాణం కోసం వైద్యులు పెనుగులాడుతూ ఉంటారు. పదిహేడేళ్ల వృత్తిజీవితం, విదేశాల్లో ఎనిమిది క్లబ్బులు, దేశం తరఫున 132 మ్యాచులు - అన్నీ ఆ ఒక్క చిత్రంలోకి ఇంకిపోయాయి.

2021 జూన్ 12న కోపెన్‌హాగన్‌లోని పార్కెన్ స్టేడియంలో, ఫిన్లాండ్‌తో మ్యాచ్ మొదటి సగం ముగియవస్తుండగా జరిగిన సంగతి అది. అందరూ ఆ నిమిషం గురించే రాస్తారు. రాయదగినదే, కాదనను. కానీ ఆ రాత్రి నా మనసులో నిలిచిపోయింది వేరొక నిమిషం. ఆగిన ఆటను మళ్లీ మొదలుపెట్టించాక, 63వ నిమిషంలో, కియర్ ఇక ఆడలేక మైదానం విడిచి వెళ్లిపోయాడు. నా దృష్టిలో అతడు కెప్టెనుగా చేసిన పనులన్నింటిలోకీ గొప్పది అదే. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ముందుగా పేరు సంగతి. డేనిష్ ఉచ్చారణ మన లిపికి ఒక పట్టాన లొంగదు, కనుక 'కియర్' అని రాజీపడ్డాను. ఆ భాషలో ఆ శబ్దానికి 'ప్రియమైన' అనే అర్థమూ ఉంది, 'చిత్తడినేల' అనే అర్థమూ ఉంది. ఎదుటివాడి పరుగు దిగబడిపోయే చోటు కనుక డిఫెండరుకు చిత్తడినేల అన్న పేరు బాగానే నప్పిందని నాకు తోస్తుంది.

అతడు 1989 మార్చి 26న హోర్సెన్స్ పట్టణంలో పుట్టాడు. మిట్‌యులాండ్ క్లబ్బు 2004లో కుర్రాళ్ల కోసం ఒక శిక్షణాలయం తెరిచింది. అందులో అతడికి చోటు దొరకడం కూడా అంతంత మాత్రంగానే. ఒక స్థానం ఖాళీగా ఉంది, తండ్రి ఆ క్లబ్బులోనే పనిచేస్తున్నాడు, సరే రానిమ్మన్నారు. ఆ తరువాత ఒకనాడు అక్కడి శిక్షకులందరినీ, ఈ పిల్లల్లో అందరికంటే పైకి వచ్చే అయిదుగురి పేర్లు రాసి ఇమ్మన్నారు. ఒక్క చీటీలోనూ కియర్ పేరు లేదు. ఈ కథను రాస్మస్ అంకర్సెన్ అనే డేనిష్ రచయిత తన పుస్తకంలో చెప్పాడు. ప్రతిభను ముందుగా పసిగట్టడం ఎంత కష్టమో చూపించడానికి ఆయన దీన్ని వాడుకున్నాడు. నాకు మాత్రం ఇందులో డిఫెండరు అనే వృత్తి స్వభావం కనిపిస్తుంది. అది కంటికి ఆనే పని కాదు. ముందే సరైన చోట నిలబడి ఉంటే జరగవలసిన ప్రమాదం జరగదు. జరగని ప్రమాదాన్ని ఎవరు లెక్కపెడతారు? గోల్ వేసినవాడి పేరు పలక మీద పడుతుంది. గోల్ పడకుండా చూసినవాడి పేరు రాయడానికి పలకలో గడి లేదు.

దీనికి 2013లో ఒక చక్కటి ఉదాహరణ దొరికింది. అప్పుడు కియర్ ఫ్రాన్సులో లీల్ జట్టుకు ఆడుతున్నాడు. ఆ జట్టు గోల్‌కీపరు విన్సెంట్ ఎన్యెయామా వరుసగా 1,062 నిమిషాల పాటు లీగులో ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. ఆ నైజీరియా ఆటగాడి పేరు ఊరూరా మోగింది. మోగవలసిందే. కాని ఆ 1,062 నిమిషాల్లో అతడి చేతిదాకా రాకుండానే ఆగిపోయిన బంతులు ఎన్ని? వాటిని ఆపినవాళ్ల పేర్లు లీల్ అభిమానులను అడిగితే తప్ప తెలియవు. రక్షణ పంక్తి నడిమధ్యన నిలిచినవాళ్లలో కియర్ ఒకడు.

మిగతా ప్రయాణాన్ని త్వరగా చెప్పుకుపోతాను. 2008లో ఇటలీలోని పలెర్మో, 2010లో జర్మనీలోని వోల్ఫ్స్‌బుర్గ్, మరుసటేడు అరువు మీద రోమా, 2013లో లీల్, 2015లో ఇస్తాంబుల్ ఫెనర్బాచె, 2017లో స్పెయిన్‌లోని సెవియా, 2019లో అటలాంటా. చదువుతుంటే బదిలీల మీద బదిలీలైన గుమాస్తా సర్వీసు రిజిస్టరులా ఉంటుంది. రోమాలో మరీ అన్యాయం జరిగింది. 2011 అక్టోబరులో లాజియోతో జరిగిన నగర పోరులో అతడి తప్పిదానికి పెనాల్టీ పడింది, ఎర్రకార్డు చూపారు, జట్టు 1-2తో ఓడింది. అన్యాయం అన్నాను గాని, తప్పు అతడిదే. తొంభై నిమిషాల్లో ఎనభై తొమ్మిది బాగా ఆడి ఒక్క నిమిషం తడబడితే ఆ ఒక్క నిమిషమే చరిత్రలో మిగలడం ఈ కొలువులోని అన్యాయం. ముప్ఫై దాటాక, అటలాంటాలో ఆడే అవకాశాలు సన్నగిల్లాక, 2020 జనవరిలో మిలాన్ అతడిని తీసుకుంది. అప్పుడు ఎవరూ పండగ చేసుకోలేదు. ఏడాది తిరిగేసరికి ఆ జట్టు రక్షణకు అతడే మూలస్తంభం. 2021 మార్చిలో మాంచెస్టరులో యునైటెడ్ మీద ఆఖరి క్షణాల్లో తలతో గోల్ కొట్టి మ్యాచ్‌ను సమం చేసింది కూడా అతడే. నిదానంగా పండే కాయలు కొన్ని ఉంటాయి.

ఇక జూన్ 12. మన గడియారం ప్రకారం రాత్రి తొమ్మిదిన్నరకు మొదలైన ఆట. మొదటి సగం చివరిలో, త్రో అందుకోబోతూ క్రిస్టియన్ ఎరిక్సన్ ఉన్నపళంగా కూలబడ్డాడు. దగ్గర్లో ఎవరూ అతడిని తాకలేదు. గుండె ఆగింది. అందరికంటే ముందుగా చేరినవాళ్లలో కియర్ ఒకడు. స్నేహితుణ్ణి పక్కకు తిప్పి ఊపిరి దారి తెరిచి ఉండేలా చూశాడు. వైద్యులు రాగానే తప్పుకున్నాడు. తోటివాళ్లను వలయంగా నిలబెట్టాడు. మైదానం అంచున విలవిల్లాడుతున్న ఎరిక్సన్ సహచరి దగ్గరికి గోల్‌కీపరు కాస్పర్ ష్మైకెల్‌తో కలిసి వెళ్లి ఆమెను పట్టుకున్నాడు. కొన్ని పత్రికలు గుండె నొక్కినది కూడా కియరే అన్నట్టు రాశాయి. అది వైద్యబృందం చేసిన పని. జట్టు వైద్యుడు మోర్టెన్ బోసెన్ చెప్పిన ప్రకారం ఆయన చేరేసరికి ఎరిక్సన్ పక్కకు తిరిగి పడుకుని ఉన్నాడు, ఊపిరీ నాడీ ఉన్నాయి, అంతలోనే పరిస్థితి మారిపోయింది. లేనిది కలిపితే తప్ప మనకు వీరుడు వీరుడిలా కనిపించడు కాబోలు. ఉన్నదే చాలదా? పదిహేనేళ్లుగా బంతిని కాక మనిషిని చూడడమే అలవాటైన కళ్లు ఆ క్షణాన కూడా మనిషినే చూశాయి.

ఆ నెలల్లో మన ఇళ్లలో చాలా మంది మంచం పక్కన ఆక్సీమీటరు పెట్టుకుని పడుకుంటున్నారు. తెర మీద ఒక మనిషి ఊపిరి కోసం జనమంతా నిశ్శబ్దంగా నిలబడడం చూసి నేనూ లేచి నిలబడిపోయాను.

ఎరిక్సన్‌ను ఆస్పత్రికి చేర్చారు. స్పృహలోకి వచ్చాడన్న కబురు అందింది. అర్ధరాత్రి పన్నెండుకు, అక్కడి సమయం ఎనిమిదిన్నరకు, ఆట మళ్లీ మొదలుపెట్టారు! ఇరు జట్ల ఆటగాళ్లూ కోరితేనే అలా చేశామని యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య ప్రకటించింది. కోరడమంటే ఏమిటి? వాళ్ల ముందు పెట్టినవి రెండు దారులు. ఈ రాత్రే ముగించండి, లేదా రేపు మధ్యాహ్నం పన్నెండుకు రండి. ఆడకపోతే 0-3తో ఓడినట్టే లెక్క అన్న మూడో దారీ ఉందని పాతతరం గోల్‌కీపరు, కాస్పర్ తండ్రి పీటర్ ష్మైకెల్ టీవీలో చెప్పాడు. నిద్ర పట్టని రాత్రి గడిపి మళ్లీ అదే గడ్డి మీదికి రావడం కంటే ఇప్పుడే వదిలించుకుందామని అనుకున్నవాళ్లది కోరిక అనిపించుకుంటుందా? కోవిడ్ సోకితే మ్యాచ్‌ను 48 గంటల దాకా వాయిదా వేయవచ్చునట. కళ్లముందు తోటివాడి గుండె ఆగితే మాత్రం వీలు కాదు. ఈ వింతను ఎత్తి చూపినవాడు డెన్మార్క్ శిక్షకుడు కాస్పర్ యుల్మాండ్. ఆ రాత్రి తన కుర్రాళ్లను ఆడనివ్వవలసింది కాదని తరువాత ఆయనే ఒప్పుకున్నాడు.

మొదలైన ఆటలో కియర్ కూడా దిగాడు. కాసేపటికి ఫిన్లాండ్ గోల్ కొట్టింది. 63వ నిమిషంలో అతడు బయటికి వచ్చేశాడు. అతడు లోలోపల బాగా చలించిపోయాడని, ఇద్దరూ ఆప్తమిత్రులని, ఇక ఆడే స్థితిలో లేడని శిక్షకుడు చెప్పాడు. డెన్మార్క్ 0-1తో ఓడింది.

దీని మీద నా మిత్రుడొకడితో ఆనాడే వాదన అయింది. "ఇంట్లో కష్టం వస్తే పెద్దకొడుకే చతికిలబడితే ఎలాగోయ్? మిగతా పిల్లల్ని ఎవడు చూస్తాడు?" అన్నాడు. "పెద్దకొడుకు చేయవలసిందంతా చేశాడు కదా. తమ్ముణ్ణి ఆస్పత్రిలో చేర్చి వచ్చిన గంటకే కొట్టు తెరవమంటే, తెరిచి అరగంట కూర్చుని నావల్ల కాదని లేచినవాణ్ణి తప్పుపడతావా? తెరవమన్నవాణ్ణి వదిలేసి?" అన్నాను. అతడు ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోడు.

ఆటగాళ్లను మనం మెచ్చుకునే తీరులో ఏదో క్రూరత్వం ఉందని నా అనుమానం. పలిగిన తలకు కట్టు కట్టుకుని ఆడినవాడు, తండ్రి పోయిన మరునాడే దిగినవాడు, ఇలాంటి కథలంటే మనకు చెవికోసుకునేంత ఇష్టం. ఆ కథలు వినీ వినీ పెరిగిన కుర్రవాడికి 'ఇక చాలు' అనే మాట నోట రాదు. కెప్టెనుకు అసలే రాదు. ఆ సాయంత్రం అందరి కన్నీళ్లకూ గోడగా నిలబడ్డ మనిషి, తన వంతు వచ్చినప్పుడు దాచుకోలేదు. కోట్ల మంది చూస్తుండగా బయటికి నడిచాడు. జట్టులోని మిగతావాళ్లకు, మీరూ మనుషులే అని చెప్పడానికి అంతకంటే స్పష్టమైన పద్ధతి ఏముంటుంది?

అతడు కుంగిపోలేదు కూడా. రెండో మ్యాచ్ బెల్జియం మీద ఓడినా, తరువాత రష్యా మీద 4-1, వేల్స్ మీద 4-0, చెక్ జట్టు మీద 2-1 గెలిచి డెన్మార్క్ సెమీఫైనల్ చేరింది. జులై 7న వెంబ్లీలో డెన్మార్క్ ముందంజలో ఉండగా ఇంగ్లండ్ ఆటగాడు సాకా గోల్ ముందుకు బంతిని తోశాడు. వెనకే స్టెర్లింగ్ కాచుకుని ఉన్నాడు. కియర్ కాలు చాచాడు, బంతి సొంత వలలోనే పడింది. చాచకపోతే స్టెర్లింగ్ వేసేవాడు. అయినా పలక మీద కియర్ పేరే పడింది. పలకకు ఎక్కడానికి డిఫెండర్లకు ఉన్న దారి ఇదొక్కటేనేమో!

ఆ ఏడాది అతడికీ డెన్మార్క్ వైద్యబృందానికీ కలిపి ఒక సత్కారం జరిగింది. ఇచ్చినది ఆ యూరప్ సమాఖ్యే. బాలన్ డోర్ పట్టికలో 18వ స్థానం దక్కింది. డిసెంబరులో జెనోవాలో మ్యాచ్ మొదలవుతూనే మోకాలి బంధనం తెగింది. 2022లో మిలాన్ పదకొండేళ్ల తరువాత ఇటలీ విజేతగా నిలిచినప్పుడు అతడు చివరి నెలలన్నీ మైదానం బయటే ఉన్నాడు.

ఎరిక్సన్ గుండె దగ్గర చిన్న యంత్రం అమర్చుకుని తిరిగి వచ్చాడు. డెన్మార్క్ జట్టులోకి అతడు మళ్లీ అడుగుపెట్టినది 2022 మార్చి 26న, ఆమ్‌స్టర్‌డామ్‌లో. దిగిన రెండు నిమిషాల్లోపే గోల్ కొట్టాడు. ఆ రోజు కియర్‌కు ముప్ఫై మూడో పుట్టినరోజు. మూడు రోజుల తరువాత సెర్బియాతో మ్యాచ్, అదే పార్కెన్ స్టేడియంలో. కియర్ గాయంతో లేడు. కెప్టెను పట్టీ ఎరిక్సన్ చేతికి ఉంది.

దేశం తరఫున అత్యధిక మ్యాచులు, అంటే 132, ఆడిన రికార్డు కొంతకాలం కియర్ పేరిట ఉండేది. 2024 జూన్ 25న మ్యూనిక్‌లో, మళ్లీ సెర్బియాతోనే, అది చెదిరిపోయింది. 133వ మ్యాచ్ ఆడినవాడు క్రిస్టియన్ ఎరిక్సన్. కియర్ కూడా ఆ పోటీలకు వెళ్లిన జట్టులో సభ్యుడే.