చిక్కిపోయిందని ఎవరు తూచారు?

మొన్న తెనాలిలో ఓ పెళ్లి భోజనాల దగ్గర, నాకు పెద్దత్త వరసయ్యే ఆవిడ మా పాప చెయ్యి పట్టుకుని, రెండు వేళ్లతో మణికట్టు చుట్టి చూసి, మా ఆవిడతో అన్నారు: "ఏమ్మా, పిల్లకి అన్నం పెడుతున్నావా, గాలి పెడుతున్నావా? ఇంత చిక్కిపోయిందేంటి!" అనేసి అటు తిరిగి గోంగూర ఇంకాస్త వేయించుకున్నారు. మా ఆవిడ విస్తట్లో అన్నం అట్లాగే ఉండిపోయింది. పక్కనే కూర్చున్న నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. రోజూ రాత్రి ఆ పిల్లకి అన్నం పెట్టేది నేను.

ఏడాది దాటిన పిల్ల కనబడితే చాలు, మనవాళ్ల నోట మొదట వచ్చే మాట 'చిక్కిపోయింది'. పోనీ బొద్దుగా ఉందనుకోండి, అప్పుడు దిష్టి తగులుతుంది, ఎండుమిరపకాయలూ ఉప్పూ తిప్పి పొయ్యిలో వేయాలి. సరిగ్గా ఉన్న పిల్ల అనేది బంధువుల లెక్కలో ఎక్కడా లేదు. "పెద్దవాళ్లు కదా, ప్రేమకొద్దీ అన్నారు" అని సర్దిచెప్పడానికి వచ్చేవాళ్లకి ముందే చెబుతున్నాను. ప్రేమ ఉన్నవాళ్లు పిల్లని ఎత్తుకుని కాసేపు ఆడిస్తారు, ఆ తల్లిని నాలుగు ముద్దలు తిననిస్తారు. మణికట్టు కొలవరు.

సరే, కొలతలే కావాలంటే కొలతలే మాట్లాడుకుందాం. మూడు కిలోలతో పుట్టిన బిడ్డ ఏడాది తిరిగేసరికి సుమారు తొమ్మిది కిలోలవుతుంది. ఒక్క ఏడాదిలో ఆరు కిలోలు. రెండో ఏడాది మొత్తానికీ పెరిగేది మాత్రం రెండు, రెండున్నర. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన పట్టికలో ఆడపిల్లకి నడిమి బరువు ఏడాదికి 8.9 కిలోలు, రెండేళ్లకి 11.5. పెరిగే వేగం సగానికి పైగా పడిపోయినప్పుడు ఆకలి మాత్రం ఎందుకు అట్లాగే ఉంటుంది? పైగా అప్పుడే పాకడం మాని నడక నేర్చి, గడప దాటి, మంచమెక్కి, మెట్లెక్కి, ఇల్లంతా తిరుగుతుంది. తొడల మీద మడతలు పోతాయి, కాళ్లు సాగుతాయి, మొహం కోలగా అవుతుంది. బిడ్డ పిల్లగా మారడమంటే ఇదే. దీనికి మనవాళ్లు పెట్టిన పేరు చిక్కిపోవడం.

"అవన్నీ తెల్లవాళ్ల లెక్కలు, మన పిల్లలకి సరిపడవు" అని అదే పందిట్లో ఓ బాబాయి తీసిపారేశారు. ఆ పట్టిక కోసం ఆరు దేశాల్లో పిల్లల్ని తూచారు, కొలిచారు. బ్రెజిల్, ఘనా, నార్వే, ఒమన్, అమెరికా, ఆరోది మన దేశం. దక్షిణ ఢిల్లీ పిల్లలు అందులో ఉన్నారు. సరైన తిండీ ఆరోగ్యం అందితే ఎక్కడి పిల్లలైనా ఇంచుమించు ఒకేలా పెరుగుతారని తేలింది. అయినా బాబాయితో వాదించి లాభం లేదు. ఆయన వాట్సాప్‌లో వచ్చినదాన్ని శాస్త్రమంటారు, శాస్త్రాన్ని వాట్సాప్ కబురంటారు.

ఈ మాటలన్నీ 'ఏమ్మా' అనే మొదలవుతాయి. 'ఏమయ్యా' అని మొదలైంది నేనింతవరకు వినలేదు. పిల్ల తొందరగా మాటలు నేర్చిందా, అది మా వంశం తెలివి. కళ్లు చక్కగా ఉన్నాయా, అవి నాయనమ్మ కళ్లు. సన్నగా ఉందా, తల్లి పెట్టలేదు. ఉద్యోగం చేసే తల్లయితే 'దానికి తీరికెక్కడిది' అంటారు, ఇంట్లో ఉండే తల్లయితే 'ఇంట్లో కూర్చుని చేసేదేముంది' అంటారు. పాలు మాన్పిస్తే అందుకే చిక్కిందంటారు, మాన్పించకపోతే అందుకే అన్నం తినడం లేదంటారు. ఎటు తిరిగినా దోషం ఆవిడదే.

ఇక ఇంటికొచ్చాక చాలా ఇళ్లల్లో జరిగేది ఆ పెళ్లిపందిట్లో కూర్చున్నవాళ్లకి కనబడదు. గిన్నె ఖాళీ కావాలి, అంతే. అమ్మ ముద్ద, నాన్న ముద్ద, తాత ముద్ద అయిపోయాక, పిల్ల మొహం పక్కకి తిప్పాక, బూచాడు వస్తాడు. బూచాడు పనిచేయకపోతే పోలీసు. అదీ కాకపోతే కాళ్లు రెండూ మోకాళ్ల మధ్య ఇరికించి, ముక్కు మూసి, నోరు తెరవగానే ముద్ద కుక్కడం. గుటక వేసిందో లేదో చూసేలోపు పొలమారి మొత్తం కక్కుతుంది. మళ్లీ కొత్త ముద్ద. వద్దని మాటల్లో చెప్పలేని పిల్ల నోరు బిగించి చెబుతోంది. ఆ ఒక్క మాట వినడానికి ఇంటిల్లిపాదిలో ఒక్కరికీ చెవుల్లేవు.

అప్పుడొస్తుంది ఫోను. పిల్లకి అన్నం పెట్టేటప్పుడు ఫోను చూపించే తల్లుల మీద పత్రికల్లో, టీవీల్లో, ప్రవచనాల్లో ఎంతెంత ఏడుపు! రెండేళ్లలోపు పిల్లలకి తెర అసలొద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ల వరకు రోజుకి గంట దాటొద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. నిజమే, కాదనను. కానీ ఆ ఫోను ఇంటికి తెచ్చిందెవరు? గిన్నె ఖాళీ చేయించమన్నవాళ్లే. ఆకలి లేని పిల్ల నోట్లోకి గిన్నెడు అన్నం పోవాలంటే ఆ పిల్లకి తను తింటున్నట్టు తెలియకూడదు. అందుకు ఫోనుని మించిన సాధనం లేదు. గిన్నె ఖాళీ కావాలి, ఫోను మాత్రం కూడదు అనేవాళ్లు ఈ రెండింటిలో ఏదో ఒకటి వదులుకోవాలి.

"మా రోజుల్లో చందమామని చూపించి పెట్టాం" అంటారు. పెట్టారు. పిల్ల తల పైకెత్తగానే నోరు తెరుచుకునేది, ముద్ద లోపలికి పోయేది. ఆ ఎత్తు కూడా ఇదే ఎత్తు. కాకపోతే చందమామ కాసేపటికి మబ్బు చాటుకి పోయేవాడు, చూపించేవాళ్లు పిల్ల మొహం చూసేవాళ్లు, ఒకరికి విసుగొస్తే అందుకోవడానికి ఇంకో ఒడి ఉండేది. ఇప్పుడు ఐదో అంతస్తులో గ్రిల్లు వేసిన బాల్కనీలోంచి ఎదుటి అపార్ట్‌మెంట్ వాటర్ ట్యాంకు కనిపిస్తుంది. ఆ ఒడులన్నీ ఎక్కడికి పోయాయో చెప్పకుండా చందమామ గురించి పాఠాలు చెప్పొద్దు. అసలు ఈ గోరుముద్దల బెంగ ఎక్కువగా పడేది మగవాళ్లే, అదీ పిల్లలు పెద్దవాళ్లయిపోయాక. వాళ్లలో ఎందరు ముద్ద కలిపారో వాళ్ల ఇంట్లో ఆడవాళ్లని అడగాలి.

డబ్బా పొడుల గురించి ఎక్కువ చెప్పను. రెండేళ్లలోపు పిల్లల ఆహారానికి ప్రకటనలు వేయకూడదని 1992 చట్టం ఉంది కాబట్టి, డబ్బాలవాళ్లు రెండేళ్లు నిండే రోజు కోసం కాచుకుని కూర్చుంటారు. ఆ పొడులతో కలిపే పానీయాలని 'హెల్త్ డ్రింక్' వరసలోంచి తీసేయమని కేంద్ర వాణిజ్య శాఖ 2024లో ఆన్‌లైన్ దుకాణాలకి చెప్పాల్సి వచ్చింది. ఇక మందుల షాపులో అడగగానే చేతిలో పెట్టే ఆకలి సిరప్పు. అందులో తరచూ ఉండే సైప్రోహెప్టడిన్ అసలు ఎలర్జీ మందు, పిల్ల మత్తుగా జోగుతుంది. పిల్ల తిండి గురించి బెంగపడేవాళ్లకి పిల్ల జోగడం గురించి బెంగ లేదు.

బొద్దుగా ఉంటే బాగున్నట్టే అనే నమ్మకం ఎంత తప్పో చెప్పడానికి పాలసీసా చాలు. అన్నం తినడం లేదని సీసా మీద సీసా పాలు పడతారు. పాలలో ఇనుము చాలా తక్కువ. ఆ పాలతో కడుపు నిండాక పిల్ల పప్పూ ఆకుకూరా గుడ్డూ ముట్టదు. బుగ్గలు ఉబ్బుతాయి, రక్తం పలచబడుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం, తెలంగాణలో 70 శాతం. మణికట్టు పట్టుకుంటే అది తెలియదు. నిజంగా తిండి చాలక చిక్కిపోయిన పిల్లలూ ఉన్నారు. వాళ్లున్న చోటికి అంగన్‌వాడీ టీచరు వెళుతుంది, తూకం వేస్తుంది, కార్డులో చుక్క పెడుతుంది. ఆ చుక్కలు కలిపిన గీత పైకి పోతోందా, అడ్డంగా పోతోందా చూస్తుంది. ఒకరోజు కంటితో చూసి తీర్పు చెప్పదు. మన బంధువులకంటే ఆవిడకి జీతం తక్కువ కావచ్చు, వివేకం ఎక్కువ.

పిల్ల వద్దంటే ఆగాలనడం చదువుకున్నవాళ్ల వేషాలని కొట్టిపారేయడానికీ లేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు నల్లగొండ జిల్లాలో 60 పల్లెల తల్లులతో చేసిన అధ్యయనం 2013లో అచ్చయింది. ఏం పెట్టాలో చెప్పడమే కాక, పిల్ల సైగలు గమనించి ఎలా పెట్టాలో, ఎలా ఆడించాలో కూడా నేర్పిన పల్లెల్లో పిల్లల మానసిక ఎదుగుదల మెరుగ్గా ఉందని తేలింది. ముక్కు మూయమని వాళ్లు చెప్పలేదు.

"అయితే పస్తు పెట్టమంటావా?" అని అడుగుతారు, అడిగారు కూడా. పస్తు ఎవరు పెట్టమన్నారు? ఏం పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో మనం చూసుకోవాలి, ఎంత తినాలో పిల్ల చూసుకుంటుంది. మా ఇంట్లో కింద చాప వేసి అందరం కూర్చుంటాం. పాపకీ ఒక కంచం. పప్పన్నంలో నెయ్యి వేసి చిన్న ముద్దలు పెడతాను. కొంత తింటుంది, కొంత చాపకి రాస్తుంది, ఒక్కోరోజు అరటిపండు తప్ప ఏదీ వద్దంటుంది. బిస్కెట్ ప్యాకెట్టు మాత్రం దగ్గర్లో ఉండదు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరే ఇళ్లల్లో ఇది కుదురుతుందా అంటే చాలాసార్లు కుదరదు. అక్కడ పిల్లకి అన్నం పెట్టేది వేరేవాళ్లు, వాళ్లకీ గిన్నె ఖాళీ అయిందని చూపించుకోవాల్సిన అవసరం ఉంటుంది. యాభైమందికి తగ్గకుండా పనిచేసే సంస్థల్లో పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించారు. ఎన్ని చోట్ల ఉందో ఎవరి ఆఫీసులో వాళ్లు చూసుకోవచ్చు. రోజుకి నాలుగుసార్లు అక్కడికి వెళ్లి బిడ్డని చూసుకునే వీలు కూడా ఆ చట్టం ఇచ్చింది, తల్లికి మాత్రమే. తండ్రి ఊసు లేదు. దాని మీద విడిగా రాయాలి, ఈ కోపం దానికి సరిపోదు.