దీపం ఆరకముందే

జొన్న పాతర తెరిచిన రోజే అందులోకి మనిషిని దింపకూడదని మన మెట్ట ప్రాంతపు పాత రైతులకు బాగా తెలుసు. మూసిన పాతరలో గింజలు ఊపిరి పీలుస్తూ ఆక్సిజన్ ఖర్చు చేస్తాయి, కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. ఆ గాలిలో పురుగు బతకదు కాబట్టే జొన్నలు చాలాకాలం చెడకుండా ఉంటాయి. అదే గాలిలో మనిషీ బతకడు. అందుకే మూత తీసి, బాగా గాలాడనిచ్చి, లాంతరు దించి చూశాకే కాలు పెట్టేవాళ్లు.

పాతరలు దాదాపు పోయాయి. ఆ కార్బన్ డయాక్సైడ్ మాత్రం సిలిండర్లకు, ట్యాంకర్లకు ఎక్కి మన పనిచోట్లకే వచ్చింది. రాయచూరు నుంచి శక్తినగర్ మీదుగా హైదరాబాద్ వెళ్లే దారిలో ఉంది చిక్కసూగూరు పారిశ్రామిక ప్రాంతం. ఇంకాస్త ముందుకు వెళ్లి కృష్ణ దాటితే తెలంగాణే. ఇలాంటి చోట పనిచేసే వాళ్ల భద్రత గురించే ఈ వారం నా బాధ. పాతర దగ్గర రైతు చూపిన జాగ్రత్తలో సగమైనా ఈ గ్యాస్ సిలిండర్ దగ్గర మనం చూపడం లేదు. సోడాలో ఉండే గ్యాసే కదా, మనం రోజూ వదిలే గాలే కదా అన్న ధీమా మనుషుల ప్రాణాలు తీస్తోంది.

ముందు దీని ఉపయోగం చెప్పుకోవాలి. పనికిమాలినదైతే దూరం పెట్టి ఊరుకోవచ్చు, ఇది లేకుండా రోజు గడవదు. ఫ్యాబ్రికేషన్ షెడ్లలో సీఓటూ వెల్డింగ్‌కు, ఫౌండ్రీల్లో ఇసుక అచ్చులు గట్టిపడటానికి, కరెంటు మంటలు ఆర్పడానికి, శీతల పానీయాలకు, డ్రై ఐస్‌కు ఇదే ఆధారం. వరి మడిలో చల్లే యూరియా కూడా అమ్మోనియాను ఈ వాయువుతో కలిపి చేసేదే. 45 కిలోల యూరియా బస్తా ఒక్కటి తయారు కావాలంటే దాదాపు 33 కిలోల కార్బన్ డయాక్సైడ్ కావాలి. రామగుండం ఎరువుల ఫ్యాక్టరీలో జరిగేది ఇదే.

చిక్కసూగూరుకు పొరుగునే ఉన్న శక్తినగర్ థర్మల్ కేంద్రం సంగతి చూడండి. 1985లో మొదటి యూనిట్‌తో మొదలై ఎనిమిది యూనిట్లతో 1,720 మెగావాట్లకు పెరిగింది. 210 మెగావాట్ల బొగ్గు యూనిట్ గంటసేపు పూర్తి స్థాయిలో నడిస్తే పొగగొట్టం నుంచి సుమారు 200 టన్నుల కార్బన్ డయాక్సైడ్ పోతుంది. అయినా ఇలాంటి కేంద్రాలకు ఇదే వాయువు సిలిండర్లలో కావాలి. పెద్ద జనరేటర్లను హైడ్రోజన్‌తో చల్లబరుస్తారు. హైడ్రోజన్, గాలి కలిస్తే పేలుడే. అందుకని మరమ్మతుకు ముందు కార్బన్ డయాక్సైడ్ పంపి హైడ్రోజన్‌ను బయటికి తోసి, ఆ తర్వాతే గాలి నింపుతారు. పొగలోదే పట్టి వాడుకోవచ్చు కదా అనిపిస్తుంది. పొగలో దీని వాటా 12 నుంచి 14 శాతమే. మిగతాది ఎక్కువగా నైట్రోజన్, దానితో పాటు దుమ్ము, గంధకపు వాయువులు. విడదీయడం ఖరీదైన పని. అందుకే అమ్మకానికి వచ్చే గ్యాస్‌లో చాలా భాగం దాదాపు శుద్ధంగా దొరికే అమ్మోనియా ప్లాంట్ల నుంచి, ఇథనాల్ పులియబెట్టే తొట్ల నుంచి వస్తుంది. కిలో ఇథనాల్ తయారైతే 950 గ్రాములకు పైగా ఈ వాయువూ పుడుతుంది.

ఇక ప్రమాదం మాట. ఈ వాయువు గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు. రంగు లేదు, వాసన లేదు. నీళ్లలాగే పల్లం వెతుక్కుంటూ గుంటల్లో, సెల్లార్లలో, ట్యాంకుల అడుగున చేరుతుంది. 1986 ఆగస్టు 21 రాత్రి కామెరూన్‌లో నియోస్ సరస్సు అడుగున పేరుకున్న ఈ వాయువు ఒక్కసారిగా పైకి తన్ని, లోయల వెంట పాకి 1,700 మందికి పైగా ప్రాణాలు తీసింది. అంత పెద్ద సరస్సే అక్కర్లేదు. కారుతున్న వాల్వు ఒకటి, కిటికీ లేని గది ఒకటి చాలు.

మామూలు గాలిలో ఇది 0.04 శాతం. పనిచోట ఎనిమిది గంటల సగటు 0.5 శాతం దాటకూడదన్నది ప్రమాణం. 4 శాతాన్ని ప్రాణాపాయ స్థాయిగా లెక్కిస్తారు. 5 శాతం దగ్గర తలనొప్పి, ఆయాసం ముంచుకొస్తాయి. 10 శాతమైతే కొద్ది నిమిషాల్లోనే స్పృహ పోతుంది. ఇక్కడ ఒక మాట ప్రతి సూపర్‌వైజరూ గుర్తుంచుకోవాలి. ఇది ఆక్సిజన్‌ను తోసేసి మాత్రమే చంపదు, తానే రక్తాన్ని ఆమ్లంగా మార్చి చంపుతుంది. గదిలో 5 శాతం కార్బన్ డయాక్సైడ్ చేరినా ఆక్సిజన్ 20.9 నుంచి 19.9 శాతానికే తగ్గుతుంది. ఆక్సిజన్ మీటరు అలారం సాధారణంగా 19.5 దగ్గర ఉంటుంది కాబట్టి అది మోగదు. లాంతరు కూడా వెలుగుతూనే ఉంటుంది. దీపం ఆరకముందే మనిషి కూలిపోతాడు. కాబట్టి పెద్దల లాంతరు పరీక్షనూ, ఒక్క ఆక్సిజన్ మీటరునూ నమ్ముకోకూడదు. కార్బన్ డయాక్సైడ్‌నే కొలిచే మీటరు వేరుగా కావాలి. దాన్ని కిందికి, నేలకు దగ్గరగా బిగించాలి.

మన ఎండలు ఇంకో చిక్కు. సిలిండర్‌లో ఈ గ్యాస్ ద్రవంగా ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర పీడనం 57 బార్ల వరకు ఉంటుంది. 31 డిగ్రీలు దాటితే లోపల ద్రవమన్నదే మిగలదు, పీడనం వేగంగా పెరుగుతుంది. 50 డిగ్రీలకు వేడెక్కితే సరిగ్గా నింపిన సిలిండర్‌లోనే అది రెట్టింపు దాటుతుంది. అధికంగా నింపితే సేఫ్టీ డిస్క్ పగలడమో, అది పనిచేయకపోతే సిలిండరే పేలడమో జరుగుతుంది. రాయచూరు మే నెలలో రేకుల షెడ్డు పక్కన ఎండలో సిలిండర్లు నిలబెట్టడం అంటే చావును పిలవడమే. నీడలో, గాలాడే చోట, గొలుసు కట్టి నిలువుగా ఉంచాలి. నింపేటప్పుడు గేజీ చూసి కాక తూకం వేసి నింపాలి. లోపల ద్రవం ఉన్నంతసేపూ గేజీ దాదాపు ఒకే అంకె చూపిస్తుంది కాబట్టి ఎంత ఉందో దానికి తెలియదు.

ఇలాంటి ప్రమాదాల్లో అన్నిటికంటే గుండె కోసేది రెండో మరణం. ట్యాంకులోనో, పాడుబడ్డ బావిలోనో ఒకడు పడిపోతాడు. తోటివాడు ఆగలేక దిగుతాడు, వాడి వెనక అన్నో బావమరిదో దిగుతాడు. ప్రేమతో దిగినవాళ్లే శవాలై పైకి వస్తారు. దీనికి మందు 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్‌లోనే ఏనాడో రాసిపెట్టారు. లోపల విషవాయువు లేదని పరీక్షించి అర్హుడు రాతపూర్వకంగా ధ్రువీకరించాలి, లేదంటే దిగేవాడికి శ్వాస పరికరం, నడుముకు బెల్టు, ఆ బెల్టుకు తాడు, ఆ తాడు కొస బయట నిలబడ్డ మనిషి చేతిలో ఉండాలి. ముక్కుకు కట్టుకున్న తువ్వాలు, మామూలు మాస్కు ఈ వాయువును ఆపలేవు.

ఫ్యాక్టరీల బయటా జాగ్రత్త అవసరమే. పెళ్లి మండపాల్లో వధూవరుల ప్రవేశానికి డ్రై ఐస్ పొగ మామూలైపోయింది. డ్రై ఐస్ అంటే గడ్డకట్టిన ఈ వాయువే. మైనస్ 78 డిగ్రీల ఆ గడ్డ కిలో ఆవిరైతే 500 లీటర్లకు పైగా గ్యాస్ అవుతుంది. ఆ పొగ నేల మీదే పరుచుకుంటుంది, అందులో ఆడుకునేది పిల్లలు. 2024 మార్చిలో గురుగ్రాంలోని ఒక రెస్టారెంటులో మౌత్ ఫ్రెష్‌నర్ అనుకుని డ్రై ఐస్ నోట్లో వేసుకున్నవాళ్లు రక్తం కక్కుకుని ఆస్పత్రి పాలయ్యారు. దాన్ని చేత్తో ముట్టకూడదు, బిగుతు మూత ఉన్న డబ్బాలో పెట్టకూడదు, అద్దాలు మూసిన కారులో తీసుకెళ్లకూడదు.

సిలిండర్లు నింపడానికి, రవాణాకు 2016 నాటి గ్యాస్ సిలిండర్ల నిబంధనలున్నాయి, వాటి అమలు చూడటానికి నాగపూర్ కేంద్రంగా పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ (పెసో) ఉంది. ఫ్యాక్టరీల భద్రతకు కర్ణాటక ఫ్యాక్టరీలు, బాయిలర్ల శాఖ ఉంది. కొరత కాగితాల్లో లేదు. ఇంగ్లీషులో అచ్చేసి ఆఫీసు గోడకు అంటించిన భద్రతా పత్రం వాల్వు తిప్పే మనిషికి చేరడం లేదు. చిక్కసూగూరు యజమానులకూ, తనిఖీ అధికారులకూ నా విన్నపం మూడు మాటల్లో: ఈ గ్యాస్ వాడే ప్రతి మూసిన చోటా కార్బన్ డయాక్సైడ్ మీటరు పెట్టండి. హెచ్చరికలు కన్నడంలో, తెలుగులో, హిందీలో పెద్దక్షరాలతో రాయించండి. కాంట్రాక్టు కూలీతో సహా అందరికీ తాడు, బెల్టు, శ్వాస పరికరం ఎలా వాడాలో చేసి చూపించండి. కార్మిక సోదరులకు ఒక్క మాట: మీటరు చూడకుండా దిగమంటే, ఎంత పెద్దవాళ్లు చెప్పినా దిగకండి.