హింట్ నాణేలు ఎవరి జేబులో?

వీడియో గేమ్ అనగానే చదువు చెడగొట్టేదని మన హాస్టళ్ళలో అందరూ అంటారు. అన్ని ఆటలనూ ఒకే గాటన కట్టడం న్యాయం కాదని నా అభిప్రాయం. జపాన్‌లో పుట్టిన 'ప్రొఫెసర్ లేటన్' ఆటలే ఇందుకు సాక్ష్యం.

లెవెల్-5 అనే సంస్థ 2007లో, చేతిలో పట్టుకుని ఆడే నింటెండో డీఎస్ కోసం మొదటి ఆటను తెచ్చింది. లేటన్ అనే ప్రొఫెసర్, ల్యూక్ అనే శిష్యుడు ఒక వింత ఊరి రహస్యాన్ని ఛేదిస్తారు. దారి పొడవునా చిక్కుప్రశ్నలే. వాటిని కూర్చిన అకిరా తాగో (1926–2016) నిజంగానే మనస్తత్వశాస్త్ర ఆచార్యుడు. మూడు తోడేళ్ళను, మూడు కోడిపిల్లలను తెప్ప మీద ఏరు దాటించాలి. ఏ ఒడ్డున తోడేళ్ళు ఎక్కువైనా పిల్లలు పోయినట్టే! పులి, మేక, గడ్డిమోపు లెక్క విన్న మనకిది కొత్తా?

జవాబు తప్పితే కొన్ని పాయింట్లు తగ్గుతాయి, కానీ మళ్ళీ ప్రయత్నించవచ్చు. వదిలేసి వచ్చిన ప్రశ్నలను ఒక అవ్వ తన గుడిసెలో దాచి ఉంచుతుంది. దారి తోచకపోతే ఒక నాణెం ఇచ్చి హింట్ కొనుక్కోవాలి. ఆ నాణేలు వీధుల్లో అక్కడక్కడా దాగి ఉంటాయి, వెతికిన వాడికి దొరుకుతాయి.

జీవితంలో మాత్రం ఆ నాణేలు అందరికీ సమానంగా లేవు. చదువుకున్న ఇంట్లో పుట్టినవాడి జేబులో అవి ముందే ఉంటాయి. ఏ కోర్సుకు ఏ ప్రవేశ పరీక్ష, ఆఖరు తేదీ ఎప్పుడు, ఆదాయ ధ్రువపత్రం ఎప్పుడు తీయించాలి అన్నది అక్కో నాన్నో చెబుతారు. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటివాణ్ణి నేనే. అమ్మానాన్నలు కష్టపడి పంపించారు, ధైర్యం చెప్పారు. దరఖాస్తులో ఏ గడిలో ఏం రాయాలో వాళ్ళెలా చెప్పగలరు? ఆ నాణేలు నాకు ఇచ్చింది ఈ హాస్టల్ సీనియర్లే.

తమ్ముళ్ళూ, గైడులోని జవాబు బట్టీ పట్టకండి. ముందు మీరే ఆలోచించండి, తోచకపోతే సిగ్గుపడకుండా అడగండి. అన్నలారా, వార్షికోత్సవానికి వచ్చి భోజనం చేసి వెళ్ళిపోకండి. ఒక్కొక్కరు ఏడాదికి ఒక్క తమ్ముడి దరఖాస్తు బాధ్యత తీసుకోండి. ఫారం మీరు నింపవద్దు, పక్కన కూర్చుని వాడి చేతే నింపించండి.